రఫ్ మార్చానంటుంది, ఫైల్ మారలేదు: ప్రీ-కమిట్ లాగ్

మొత్తానికి దొరికింది! కొన్నాళ్లుగా గిట్‌లో కమిట్ కొడితే (మార్పుల్ని నమోదు చేయబోతే) రఫ్ ఫార్మాట్ హుక్ ఫెయిల్ అవుతోంది. రఫ్ అంటే పైథాన్ కోడ్‌ని తనిఖీ చేసి సర్దే టూల్. కమిట్‌కి ముందు ఇలాంటి తనిఖీల్ని (హుక్స్) నడిపే టూల్ ప్రీ-కమిట్. ‘ఫైల్స్ వర్ మాడిఫైడ్ బై దిస్ హుక్’ అంటుంది. సరే, మార్చింది కదా, మళ్లీ యాడ్ చేద్దామని (కమిట్‌లోకి చేర్చుదామని) చూస్తే ఫైల్లో ఒక్క అక్షరం మారి ఉండదు. మళ్లీ కమిట్ కొడితే మళ్లీ అదే పాట. అదీ ప్రతిసారీ కాదు, ఎప్పుడో ఒకప్పుడు. పిచ్చెక్కించేది అదే.

మొదటి అనుమానం లైన్ ఎండింగ్స్ (లైన్ చివరుండే కనిపించని గుర్తులు) మీద. గిట్ ఎల్ఎస్-ఫైల్స్‌కి ఈఓఎల్ ఆప్షన్ ఇచ్చి చూశాను, ఇండెక్స్‌లోనూ (కమిట్‌కి సిద్ధం చేసిన కాపీ) డిస్క్ మీదా ఒకే రకం గుర్తు, ఎల్ఎఫ్ మాత్రమే. తర్వాత వెర్షన్ తేడా అనుకున్నాను. ప్రీ-కమిట్ కాన్ఫిగ్‌లో రెవ్ (వెర్షన్) దగ్గర ఉన్నదీ నా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నదీ ఒకటే. ప్రీ-కమిట్ క్లీన్ కొట్టి క్యాష్ మొత్తం ఊడ్చేశాను, ఫలితం లేదు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ప్రీ-కమిట్‌ని ఆల్-ఫైల్స్ ఆప్షన్‌తో (అన్ని ఫైళ్ల మీదా) విడిగా నడిపితే మొదటిసారి సర్దేసి, రెండోసారి అన్నీ పాస్డ్ అని చూపిస్తుంది. ఆ వెంటనే కమిట్ కొడితే ఫెయిల్డ్.

ఎడిటర్ ప్యానెల్ మానేసి టెర్మినల్‌లో కమిట్ చేస్తే అసలు సంగతి బయటపడింది. ప్యానెల్ మింగేసిన వార్నింగ్ అక్కడ కనిపించింది: స్టాష్ చేసిన (పక్కన దాచిన) మార్పులు హుక్ చేసిన సవరణలతో కాన్‌ఫ్లిక్ట్ అయ్యాయి, సవరణలను వెనక్కి తీసేస్తున్నాను అని.

నేను ప్యాచ్ మోడ్‌లో గిట్ యాడ్ చేసి, ఒకే ఫైల్లో కొన్ని ముక్కలే స్టేజ్ చేస్తుంటాను (కమిట్‌కి సిద్ధం చేస్తుంటాను). అప్పుడు ప్రీ-కమిట్ స్టేజ్ కాని మార్పులన్నీ ఒక ప్యాచ్ ఫైల్‌గా (ఏ లైన్లు ఎలా మారాయో రాసి ఉండే ఫైల్) తన క్యాష్ ఫోల్డర్‌లో దాచి, స్టేజ్ అయిన కోడ్ మీద మాత్రమే హుక్స్ నడుపుతుంది. చివర్లో ఆ ప్యాచ్‌ని తిరిగి అతికిస్తుంది. అది అతుక్కోకపోతే హుక్ చేసిన మార్పుల్ని చెరిపేసి మన ఫైల్‌ని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. ఇక ఆల్-ఫైల్స్‌తో నడిపినప్పుడు ఈ దాచడం ఉండదు. సర్దేది డిస్క్ మీది కాపీని, ఇండెక్స్‌లో పాతదే ఉంటుంది.

మరి అప్పుడప్పుడే ఎందుకు? ఖాళీ రిపోలో చిన్న పైథాన్ ఫైల్ పెట్టి కొలిచాను. రఫ్ సింగిల్ కోట్స్‌ని డబుల్ చేసే లైన్ ఒకటి, దానికింద స్టేజ్ చేయని మార్పు ఒకటి. రెండూ పక్కపక్కనే ఉన్నా, రెండు లైన్ల కిందైనా, మూడు లైన్ల కిందైనా సవరణ వెనక్కి పోయింది. నాలుగో లైన్‌కి జరపగానే సాఫీగా అతుక్కుంది. గిట్ డిఫ్ మామూలుగా మార్పుకి అటూ ఇటూ మారని 3 లైన్లని కాంటెక్స్ట్‌గా పెడుతుంది. ప్యాచ్‌ని అతికించే గిట్ అప్లై ఆ లైన్లు అక్షరం తేడా లేకుండా ఉండాలంటుంది. లెక్క సరిపోయింది.

స్టేజ్ చేయని మార్పుల్ని నేనే ముందుగా దాచుదామని గిట్ స్టాష్‌కి కీప్-ఇండెక్స్ (స్టేజ్ చేసినవి అలాగే ఉంచే ఆప్షన్) ఇచ్చి కూడా చూశాను. కమిట్ అయితే అయింది కానీ, పక్కపక్క లైన్లయితే దాచినవి వెనక్కి తెచ్చే పాప్ దగ్గర కాన్‌ఫ్లిక్ట్ తప్పలేదు. చివరికి రఫ్ ఫార్మాట్ హుక్‌కి చెక్ ఆప్షన్ పెట్టేశాను. ఇప్పుడది తప్పుందని చెప్పి ఆగిపోతుంది, ఫైల్ జోలికి రాదు. ముక్కలు ఎంచుకునే ముందే ఫార్మాట్ చేసుకోవడం నా పని. అసలు కోడ్‌ని తిరగరాసే హుక్స్ అంటేనే నాకు పడదు. సేవ్ చేయగానే ఫార్మాట్ అయ్యే సెట్టింగ్ కూడా అంతే, ఆలోచిస్తుండగా లైన్లు గెంతుతాయి.

మిగతావి బాగానే నడుస్తున్నాయి. బ్లాక్ (కోడ్ సర్దేది), ఐసార్ట్ (ఇంపోర్ట్‌లని వరుసలో పెట్టేది), ఫ్లేక్8 (తప్పులు పట్టేది) మూడూ తీసేసి రఫ్ ఒక్కటే ఉంచాను, ఐసార్ట్ బ్లాక్‌తో గొడవపడకుండా దానికి బ్లాక్ ప్రొఫైల్ పెట్టే బాధ పోయింది. టైప్‌లు తనిఖీ చేసే మైపై ప్రీ-పుష్‌కి (కోడ్‌ని సర్వర్‌కి పంపే ముందు దశ) వెళ్లింది. కమిట్ దగ్గర దానికోసం కాచుకుని కూర్చుంటే ఎవరైనా హుక్స్‌ని దాటవేసే నో-వెరిఫై ఆప్షన్ అలవాటు చేసుకుంటారు.

ఇక మిగిలింది పాత ఫోల్డర్లు. అన్నీ ఒకే కమిట్‌లో ఫార్మాట్ చేసి, ఆ కమిట్ హ్యాష్‌ని (గుర్తింపు కోడ్) గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు మార్చారో చూపేది) పట్టించుకోకుండా ఇగ్నోర్-రెవ్స్ ఫైల్లో పెట్టాలి. గిట్ 2.23 నుంచి ఆ సదుపాయం ఉంది. ఆ తర్వాత సీఐలో (సర్వర్ మీద ఆటోమేటిక్‌గా నడిచే తనిఖీలు) ఆల్-ఫైల్స్ రన్. షెల్ స్క్రిప్టులకి వాటిలో తప్పులు పట్టే షెల్‌చెక్ కూడా పెట్టాలనుంది కానీ, వాటిలో ఎన్ని వార్నింగులు వస్తాయో తలచుకుంటేనే టెన్షన్.