అమ్మ చేతికి మిర్యాలగూడ టైమ్

మే నెలలో అమ్మ ఒక్కతే మిర్యాలగూడ నుంచి డాలస్‌లోని మా ఇంటికి వచ్చింది. టికెట్ పంపగానే ఫోన్ చేసింది: "తెల్లారుజామున 4:20కి ఎక్కుడు, అదే రోజు సాయంత్రం 4:40కి దిగుడు. పన్నెండు గంటలేనా బిడ్డా?"

టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. ఎండాకాలంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అది కలిపితే 22 గంటల 50 నిమిషాలు. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగేది 2 గంటల 40 నిమిషాలు, ఆపైన ఏకబిగిన 16 గంటల 10 నిమిషాలు.

అమ్మకు షుగర్ ఉంది కాబట్టి ఈ లెక్క తప్పకూడదు. గోలీలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కానీ ఆ విమానం పొద్దుతో పాటే పడమరకు పోతుంది, దారి పొడుగునా వెలుతురే. మరి రాత్రి గోలీ ఎప్పుడు? తనను చూసే డాక్టర్‌నే అడిగాం. ఇల్లు చేరేదాకా ఇండియా టైమే పాటించమన్నారు. అందుకని గడియారం ముట్టుకోవద్దని చెప్పి, తెలుగులో ఒక కాగితం రాసి పంపాను: "తొమ్మిదికి దుబాయ్‌లో, తిన్నాక. రాత్రి ఎనిమిదికి విమానంలో, కిటికీలో ఎండ ఉన్నా సరే." షుగర్ వాళ్ల భోజనం, వీల్‌చైర్ టికెట్‌తోనే చెప్పి పెట్టాను. వీల్‌చైర్ నడవలేని వాళ్లకే అనుకుంటారు గానీ, భాష రాని పెద్దవాళ్లకు అది చెయ్యి పట్టుకుని నడిపించే తోడు.

దుబాయ్ మీదుగా అంటే చుట్టుదారేమోనని నాకూ అనుమానం ఉండేది. మా పాప గ్లోబు మీద దారం పెట్టి చూశాను. హైదరాబాద్ నుంచి డాలస్‌కు బిగించి లాగితే దారం ఉత్తర ధ్రువం పక్కనుంచే పోయింది! ఆ దారి సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900. వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ.

నేను లెక్కలో వేయనిది ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం. రాత్రి తొమ్మిదికి కారెక్కిన అమ్మ, ఇక్కడ ఇమ్మిగ్రేషన్ లైను, సామాను అన్నీ దాటి మా గడప తొక్కేసరికి సాయంత్రం ఏడు. మొత్తం ముప్ఫై రెండున్నర గంటలు. పెద్దవాళ్లను రప్పించుకునేవాళ్లు ఈ లెక్కే వేసుకోవాలి, మందులు కూడా అంతకన్నా ఎక్కువే చేతిసంచిలో పెట్టాలి.

"పొద్దే గుంకలె బిడ్డా. కిందంత మంచు కొండలే. అయినా ఎనిమిది కాంగనే ఏసుకున్న," అంది కారులో, గడియారం నాకు చూపిస్తూ. అందులో అప్పుడు తెల్లవారుజాము ఐదు.

నవంబరు రెండో వారంలో తిరుగు ప్రయాణం. అప్పటికి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, తేడా పదకొండున్నర గంటలవుతుంది. పైగా పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కనుక దుబాయ్‌కి గంటన్నర తక్కువే పడుతుంది. ఆ కాగితం మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.