నలభై హెర్ట్జ్ సంబరం

నీళ్లలో బెంజీన్‌ను పసిగట్టే సెన్సర్ మీద నా పరిశోధన. రాత్రంతా ప్రయోగాన్ని నడవనిచ్చి, పొద్దున్నే వచ్చి చూస్తే, సెన్సర్‌లోని స్ఫటికం కంపనాలను చూపే గీత తెరమీద 40 హెర్ట్జ్ (అంటే సెకనుకు 40 కంపనాలు) కిందికి దిగి ఉంది. ముందురోజు సాయంత్రం నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున బెంజీన్ అనే విష రసాయనం కలిపి వెళ్లాను. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు అది. పది వేల లీటర్ల ట్యాంకులో కొన్ని చుక్కలన్నమాట. ఇంత చిన్న స్ఫటికం దాన్ని పసిగట్టేసిందని నాకు కాలు నిలవలేదు.

మా గైడ్‌ను పిలుచుకొచ్చాను. ఆవిడ గీత వంక చూడనేలేదు. గోడమీది థర్మామీటర్ చూసి, "రాత్రి ఏసీ ఎవరు వేసి వెళ్లారు?" అన్నారు.

నేనే.

నా సెన్సర్ ఒక పలుచని క్వార్ట్జ్ బిళ్ల. కరెంటు ఇస్తే సెకనుకు 50 లక్షల సార్లు కంపిస్తుంది. దానిమీద పూసిన పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర బెంజీన్‌ను పీల్చుకుంటే బరువెక్కి, కంపనం నెమ్మదిస్తుంది. చదరపు సెంటీమీటరుకు దాదాపు 18 నానోగ్రాములు చేరితే ఒక హెర్ట్జ్ తగ్గుతుంది. 1959లో సావర్‌బ్రే కట్టిన లెక్క ఇది. చూడటానికి ముచ్చటైన లెక్కే. కానీ బిళ్ల ఒక ముఖానికి నీళ్లు తగిలితే చాలు, నీటి చిక్కదనానికే సుమారు 700 హెర్ట్జ్ పోతాయి. ఆ నీళ్లు 25 డిగ్రీల నుంచి 20కి చల్లబడితే ఇంకో 40. నేను పట్టుకున్నది ఏసీ గాలిని!

పొర పూయని ఇంకో బిళ్లను దీని పక్కనే నీళ్లలో ఉంచి, రెండింటి తేడా తీసి చూశాను. చలి లెక్క కొట్టుకుపోయింది. బెంజీన్ వాటాగా మిగిలింది అర హెర్ట్జ్ కూడా లేదు. గీత వణుకులో అది కనిపించనే కనిపించదు.

అంతకంటే నన్ను వేధించేది బెంజీన్‌కు దగ్గరి చుట్టమైన టొలుయిన్ అనే రసాయనం. పెట్రోలు భూగర్భజలంలోకి కారితే ఈ రెండూ కలిసే వస్తాయి. టొలుయిన్‌కు హద్దు 700 మైక్రోగ్రాములు, బెంజీన్‌కు పదే. నా పాలిమర్‌కేమో టొలుయిన్ అంటేనే మక్కువ ఎక్కువ. గీత దిగితే ఎవరి వల్ల దిగిందో ఎలా చెప్పను? ఒక దారి ఉంది. చిన్న అణువు కాబట్టి బెంజీన్ పొరలోకి త్వరగా చొరబడుతుంది, టొలుయిన్ నింపాదిగా వెళ్తుంది. గీత ఎంత దిగిందన్నదానితో పాటు ఎంత వేగంగా దిగిందో కూడా చూడాలి. వేర్వేరు పొరలు పూసిన నాలుగు బిళ్లలతో ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను.

ఏసీ స్విచ్ మీద గైడ్ చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. దానిమీద నా పేరొక్కటే ఉంది.