లైన్ క్లియర్ వచ్చాక కూడా

“మీ ఆంధ్రాలో ఇలాగే ఎక్కేస్తారా?” అని మా ఫోర్‌మన్ అందరి ముందూ అడిగాడు. అడిగింది నన్ను కాదు, కందుకూరు వైపు నుంచి వచ్చిన కుర్రాణ్ణి. లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశాం పని చేసుకోవచ్చన్న అనుమతి, వచ్చిందని ఫోనులో వినగానే వాడు టవరు ఎక్కబోయాడు. ఆ మాట వాడికి ఎంత తగిలిందో గానీ నాకు ఆ పూట అన్నం సహించలేదు.

బెంగళూరు శివార్లలో పాత 220 కె.వి. లైనుకు తీగలు మారుస్తున్నాం. కొత్త టవర్లకు ఇక్కడ జాగా దొరకదు. అందుకే ఉన్న టవర్ల మీదే ఉక్కు నడుమ పెట్టి అల్యూమినియం చుట్టిన పాత ఏసీఎస్ఆర్ తీగ దించి, హెచ్‌టీఎల్ఎస్ అనే కొత్త రకం తీగ ఎక్కిస్తున్నాం. బాగా వేడెక్కినా అంతగా సాగి వేలాడదు, దాదాపు రెట్టింపు కరెంటు మోస్తుంది. చిక్కేమిటంటే, టవరుకు చెరో పక్కా ఒక్కో సర్క్యూట్, అంటే ఒక్కో విడి లైను, ఉంటుంది. నగరం చీకటి కాకూడదు కాబట్టి ఒకటి ఆపితే రెండోది నడవాల్సిందే. దాని ప్రభావంతో, రెండు చివర్లా స్విచ్చులు తీసేసిన తీగలో కూడా మనిషిని చంపగలిగేంత వోల్టేజి పుడుతుంది.

ఫోర్‌మన్ తానే పైకెక్కాడు. ముందు, తీగలో పుట్టిన కరెంటును నేలలోకి పంపే ఎర్తు క్లాంపును టవరు ఇనుముకు బిగించాడు. తర్వాత పొడవాటి రాడ్డు చివరి కొక్కేన్ని తీగ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంకా తగలకముందే చిటపటమని నిప్పురవ్వ లేచింది. అది ఆపేసిన లైను! పని చోటుకు అటొకటి, ఇటొకటి ఎర్తు వేశాకే కుర్రాణ్ణి రానిచ్చాడు.

ఆ జాగ్రత్తకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఎర్తు వేయకుండా ఎక్కుతారని మా ఆంధ్రా లైన్‌మన్లకు ప్రాణమంటే తీపి లేదనుకుంటే ఒప్పుకోను. మా ఊళ్లలో పొలం మోటార్ల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తీస్తే బ్లేడ్లు విడిపోవడం కింద నుంచే కనిపిస్తుంది. చుట్టూ రైతులు, ఎండుతున్న మడి, ఒక్క మనిషికి నాలుగైదు ఊళ్లు. ఎర్త్ రాడ్లేమో సబ్‌స్టేషన్ గదిలో ఉంటాయి, అతను పొలంలో ఉంటాడు. ఏం చేస్తాడు?

అయినా ఈ వాదన నాకే పూర్తిగా నిలవడం లేదు. ఎవరైనా సరిగ్గా విడదీయకుండా జనరేటరు వేస్తే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి తిరిగి 11 వేల వోల్టులై పైకి వస్తుంది. విడిపోయిన బ్లేడ్లను చూసి ఆ సంగతి తెలుసుకోలేం.

సరే, ఎర్తు గురించి ఎంత తిట్టినా పడతాను. మధ్యలో ఆంధ్రా ఎందుకు? దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కె.వి. లైనుతో దేశంతో ఒకటైంది. దానికి చాలా ముందే మా గాజువాకలో ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చి తూర్పు గ్రిడ్‌తో లంకె వేశారు. ఒకదాని లయతో ఒకటి కలవని రెండు గ్రిడ్ల మధ్య కరెంటు నడిపించిన ఊరది. ఆ నేల మీద పుట్టినవాళ్లకు పని రాదంటే ఎలా?

సాయంత్రం నాకు వచ్చిన కన్నడంలోనే ఇదంతా చెప్పాను. ఫోర్‌మన్ విన్నాడు, “రేపు కూడా ముందు నేనే ఎక్కుతాను” అని మాత్రం అన్నాడు.

దసరాకు వెళ్లినప్పుడు మా మండలం విద్యుత్ ఏఈ గారిని కలిసి, ప్రతి లైన్‌మన్ బండి మీదా ఎర్త్ రాడ్లు ఉండేలా చూడమని అడుగుతాను. ఫోర్‌మన్ మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.