మల్లకూటాలో తెల్లవారని మంగళవారం

2019 డిసెంబరు 31, మంగళవారం. ఉదయం తొమ్మిదైనా మల్లకూటాలో చిమ్మచీకటి. టార్చిలైటు వేస్తే వెలుగు నాలుగడుగులు కూడా పోవడం లేదు, పొగలోనే ఇంకిపోతోంది. పక్కనే కూర్చున్న మనవడు "అమ్మమ్మా, ఉన్నావా?" అని మాటిమాటికీ నా కొంగు పట్టుకు చూస్తున్నాడు.

మా అమ్మాయి వాళ్లు ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఉంటారు. క్రిస్మస్ సెలవులకి సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని నాలుగు రోజులుందామని నన్నూ తీసుకెళ్లారు. మల్లకూటా విక్టోరియా రాష్ట్రానికి తూర్పు కొసన ఉంటుంది. మెల్‌బోర్న్ నుంచి ఐదొందల కిలోమీటర్ల పైమాటే. ఊళ్లో ఉండేది వెయ్యి మంది, సెలవుల్లో దిగే మాలాంటివాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఒక పక్క సముద్రం, ఒక పక్క సరస్సు, మిగతాదంతా యూకలిప్టస్ అడవి. జెనోవా దగ్గర హైవే దిగాక ఆ అడవిలోంచే ఒక్కగానొక్క రోడ్డు. వచ్చేటప్పుడు అద్దం దించి ఆ గాలి ఎంత హాయిగా పీల్చుకున్నానో! పడిశం పడితే మనం ఆవిరి పట్టే నీలగిరి తైలం వాసన. మంట అంటుకుంటే ఆ తైలమే చెట్టుకి పెట్రోలు పోసినట్టవుతుందని అప్పుడు తోచలేదు.

టూరిస్టులంతా మల్లకూటా ఉన్న ఈస్ట్ గిప్స్‌లాండ్ ప్రాంతం ఖాళీ చేసి వెళ్లిపోండని 29వ తేదీనే హెచ్చరిక వచ్చింది. మంటలు ఎక్కడో ఉన్నాయి, పొద్దున్నే బయల్దేరదాం అనుకున్నాం. తెల్లారేసరికి దారి లేదు. వింగన్ నది దగ్గర రాజుకున్న కార్చిచ్చు మా వైపే వస్తోంది. తప్పు మాదే. ఆ ఒక్క రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

పల్లెల్లో మంటలార్పే కంట్రీ ఫైర్ అథారిటీలో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసే ఊరివాళ్లే. 30 సాయంత్రం ఆ పసుపుపచ్చ దుస్తుల్లో ఒకావిడ గుడారం గుడారానికీ తిరిగి జాగ్రత్తలు చెబుతోంది. నా ఈడే ఉంటుంది. నా దగ్గర ఆగి, చీర అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది పాలిస్టర్ కదా? మార్చేసుకోండి. నూలుది, లేదా ఉన్నిది. నిప్పురవ్వ పడితే ఇది కరిగి ఒంటికి అతుక్కుపోతుంది."

పొయ్యి దగ్గరికి నైలాన్ చీరతో వెళ్లొద్దే అని మా అమ్మ అరిచిన అరుపులు గుర్తొచ్చాయి. పెట్టెలో ఒక్క మంగళగిరి నూలు చీర ఉంది. కట్టుకున్నాను. బాబువన్నీ పాలిస్టర్ టీషర్టులే. అది చూసి ఆవిడ ట్యాంకర్‌లోంచి ఒక బూడిదరంగు ఉన్ని దుప్పటి తెచ్చి వాడికి చుట్టింది.

మర్నాడు ఒడ్డున నాలుగు వేల మంది పోగయ్యారు. కొందరు పడవలెక్కి సరస్సు మధ్యకి పోయారు. సైరన్ మోగితే నీళ్లలోకి దిగాలని మాకు చెప్పారు. కాసేపటికి ఆ నలుపు ఎరుపుకి తిరిగింది. ఎరుపంటే సంధ్య ఎరుపు కాదు, కుంపట్లో బొగ్గు రంగు. రైలు వస్తున్నట్టు అడవి లోపలినుంచి హోరు. మధ్యమధ్యలో ఢాం ఢాం అని ఇళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్లు పేలుతున్నాయి. ఒక్కో చప్పుడుకీ మా వెనక కూర్చున్న ముసలాయన ఏదో వీధి పేరు మెల్లిగా అంటున్నాడు.

నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం పూరిళ్లు తగలబడితే ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదకి నిప్పు ఎగిరి దూకేది. ఇక్కడా అంతే, కాకపోతే ఎగిరేవి తాటాకులు కాదు, యూకలిప్టస్ బెరళ్లు. ఒక ఆకు వచ్చి నా ఒళ్లో పడింది. ఈనెలతో సహా ఆకారం చెక్కుచెదరలేదు, మొత్తం నల్లగా బొగ్గు. ముట్టుకుంటే పొడైపోయింది. చీర కొంగు సరస్సులో తడిపి బాబు ముక్కుకీ మూతికీ కట్టాను. మా అల్లుడు "అత్తయ్యగారూ, మీకూ కట్టుకోండి" అంటున్నాడే గానీ వాడి చేతిలో గుడ్డ వణికిపోతోంది. మా అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు.

తర్వాత గాలి తిరిగింది. ముందు చెంపలకి తెలిసింది, వేడిగాలి ఆగి చల్లగా తగిలింది. మంట ఊరి నడిబొడ్డుకి రాకుండా పక్కకి మళ్లిందని కేక వేశారు. ఒడ్డంతా చప్పట్లు. నేను మాత్రం ఏడ్చాను, ఆపుకోలేకపోయాను. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరి ఇళ్లు పోయాయో అప్పటికింకా లెక్క తెలియదు. తర్వాత తెలిసింది, వందకి పైగా.

రోడ్లు తెరుచుకోలేదు. నేవీ ఓడ చూల్స్ వచ్చింది. జనవరి 3న మమ్మల్ని ఎక్కించుకుంది. నిచ్చెన ఎక్కగలిగేవాళ్లకే అన్నారు. బాబుకి ఎనిమిదేళ్లు, ఎక్కుతాడు. చీర గోచీ పోసుకుని నేనూ ఎక్కుతానన్నాను.

రేవులో వరసలో నిలబడి ఉండగా ఆ పసుపుపచ్చ దుస్తులావిడ కనిపించింది. కళ్లు ఎర్రగా వాచిపోయి, కనుబొమల మీద బూడిద. దుప్పటి తీసి మడతపెట్టి ఇవ్వబోయాను. వాడికి ఓడలో చలేస్తుంది, ఉంచండి అంది. మెల్‌బోర్న్ వెళ్లాక ఉతికి పంపిస్తాను, మీ అడ్రసు చెప్పండి అన్నాను.

"అడ్రసుంది," అంది. "ఇల్లే లేదు."

నాకు నోట మాట రాలేదు. రెండు చేతులూ పట్టుకున్నాను. ఆవిడ అరచేతులు కాయకాచి గరుగ్గా ఉన్నాయి. వెనక ఎవరో పిలిచారు. బాబు తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది.

మమ్మల్ని ఓడకి చేర్చే పడవ రేవు వదులుతుంటే వెనక్కి తిరిగి చూశాను. ట్యాంకర్ మెట్టు మీద కాలు పెట్టి, హెల్మెట్ బిగించుకుంటోంది. బండి మళ్లీ పొగ ఉన్న వైపే వెళ్లింది.