ఇవాళే అన్నీ చెప్పక్కర్లేదట

ఇవాళే అన్నీ చెప్పక్కర్లేదండీ అన్నారు, నేను మొదటిసారి కలిసిన కౌన్సెలర్. బెంగళూరు జయనగర్‌లో ఆవిడ దగ్గర్నుంచి ఇంటికొచ్చి, వంట చేసి, చిన్నదాని చేత హోంవర్కు రాయించి, పడుకున్నాక కూడా ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే లేచి కూర్చున్నాను. మా ఆయన నిద్ర సంగతి మీకు తెలిసిందే, ఇల్లు కూలినా లేవరు.

చివరికి కౌన్సెలింగ్‌కి వెళ్లాను. పండగ ముందు ఒక రాత్రి నిద్ర పట్టక 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్, మనసు బాగా లేనివాళ్ల కోసం 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఫోన్ సర్వీసు. ఉచితం, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు. ఆ రాత్రి ఎత్తినమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. ఇది ఒక్క ఫోనుతో తేలేది కాదు, ఎవరినైనా వరసగా కొన్నాళ్లు కలవండి అంది. ఆ మనిషిని వెతకడం ఇంకో ప్రయాస. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగితే మొహం ముడుచుకున్నవాళ్లున్నారు. ఈవిడ అడక్కముందే మొదటి మెయిల్లో పంపారు. మేముండే బీటీఎం లేఅవుట్‌లోనే నిమ్హాన్స్ (ఇక్కడి పెద్ద ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి) వాళ్ల వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది గానీ, ఆఫీసు వాళ్లెవరైనా ఎదురుపడతారేమోనని అటు వెళ్లలేదు. పైగా ఈవిడది కోలారు వైపు, తెలుగు బాగా వచ్చు. ఇంటర్లో హాస్టల్లో పడ్డ బాధ ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాదు.

సరే, చిరాకు సంగతికొస్తాను. నేను పూర్తిగా సిద్ధపడి వెళ్లాను. ఆర్వీ రోడ్డు దగ్గర మెట్రో మారేటప్పుడు కూడా మనసులో వరస పెట్టుకుంటూనే ఉన్నాను: ముందు కాలేజీ, తర్వాత మంచాలు, తర్వాత వార్డెన్ కర్ర. తీరా కూర్చున్నాక సగం సేపు కాగితాలే. ఇక్కడ చెప్పింది బయటికి పోదు, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా మీకు ఆ హక్కు ఇస్తుంది అన్నారు. కాకపోతే నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, లేదా ఏ పిల్లల మీదైనా లైంగిక హింస జరిగిందని తెలిస్తే, చెప్పాల్సినవాళ్లకి చెప్పక తప్పదట. తర్వాత నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎలా ఉంది, బాగా లేని రోజున ఎవరికి ఫోన్ చేస్తారు, ఆఫీసులో ఏ పని మీకు నచ్చుతుంది. తలుపు పూర్తిగా వేయనా, కొంచెం తెరిచి ఉంచనా. ఏ కుర్చీలో కూర్చుంటారు.

"ఇంటర్లో నన్ను హాస్టల్లో వేశారు" అని మొదలుపెట్టి రెండు మాటలు చెప్పానో లేదో, ఆవిడ నా చేతుల వైపు చూశారు.

"చేతులు చల్లబడ్డాయా?"

చల్లబడ్డాయి. కొంచెం ఆగుదాం అన్నారు. ఇవాళే అన్నీ చెప్పక్కర్లేదన్నారు. పాదాలు నేలకి ఆనించమన్నారు. గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువులు చెప్పమన్నారు, తర్వాత వినిపిస్తున్న చప్పుళ్లు. నీలం కర్టెను, నీళ్ల జగ్గు, క్యాలెండరు, ఆవిడ కళ్లజోడు, నా చెప్పులు. అంతే, టైమైపోయింది. 1,800 రూపాయలు కట్టి కర్టెన్లూ జగ్గులూ చూసి రావడమేమిటని దారంతా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నోరు కట్టుకుని, ఇప్పటికి తెరిస్తే ఆగమంటారా? ఆవిడకి ఓపిక లేదా, నా బాధ ఆవిడకి ఆనలేదా? వంట చేస్తున్నంతసేపూ ఇదే గోల.

ఇది చదివే మీలో చాలామంది అలాంటి హాస్టల్లోనే చదివుంటారు. మాది విజయవాడ దగ్గర, అపార్ట్‌మెంటునే హాస్టల్ చేశారు. తెల్లవారకముందే వార్డెన్ మంచాల ఇనుప కాళ్లని కర్రతో కొట్టుకుంటూ వచ్చేది. చప్పుడు తలుపు దగ్గర మొదలై ఒక్కో మంచమే దాటుకుంటూ నా వైపు వచ్చేది. నాది కిటికీ పక్కన, చివరి మంచం. మొదట్లో చప్పుడు మొదలవగానే లేచి కూర్చునేదాన్ని, తర్వాత్తర్వాత మొదలవకముందే. ఇప్పటికీ పొద్దున్నే పాలబ్బాయి గేటు గడియ తీస్తే గుండె ఝల్లుమంటుంది. మేనేజరు "ఒకసారి మాట్లాడదామా" అని మెసేజ్ పెడితే చేతులు చల్లబడిపోతాయి.

వారం పరీక్ష, సోమవారం ర్యాంకుల లిస్టు. ర్యాంకు పడిపోతే సెక్షన్ మార్చేస్తారు, రాత్రి స్టడీ అవర్ అంతా కారిడార్లో నిలబడి చదవాలి. జ్వరంతో పరీక్ష రాసిన వారం నేనూ నిలబడ్డాను. ఆ ఆదివారం నాన్న వస్తారని తెలుసు. "నాన్నా, నన్ను ఇంటికి తీసుకెళ్లిపో" అన్న ఒక్క మాట వారమంతా కూడబలుక్కున్నాను. ఆయన ఊరి నుంచి మొదటి బస్సుకే బయల్దేరి వచ్చారు. చెట్టు కింద దుప్పటి పరిచి, అమ్మ పంపిన పులిహోర క్యారేజీ విప్పారు. పండగలకి తప్ప వేయని జీడిపప్పు అందులో వేసింది అమ్మ. నేను నోరు తెరిచేలోపే ఆయన జేబులోంచి నాలుగు మడతల రసీదు తీశారు. "రెండో టర్ము ఫీజు కూడా కట్టేశానమ్మా. ఇంక ఏ దిగులూ పెట్టుకోకు, చదువుకో." నేను పులిహోర తింటూనే ఉన్నాను. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే "కారం ఎక్కువైందా తల్లీ?" అన్నారు. అవునన్నాను.

ఇదంతా రాస్తుంటే ఇప్పుడు అర్థమవుతోంది. సాయంత్రం నుంచీ నా కోపం ఆ ఆదివారం మీదే. నోటి దాకా వచ్చిన మాట మళ్లీ ఆగిపోయిందన్న కోపం. కానీ ఆ రోజు నాన్నకి కారమే కనిపించింది. ఈవిడకి నా చేతులు కనిపించాయి.

ఒక్కసారే అంతా చెప్పేస్తే ఏమవుతుందో నాకు తెలియంది కాదు. చెల్లి పెళ్లిలో పిన్నికి రాత్రంతా కూర్చుని చెప్పాను. తర్వాత కొన్ని రోజులు తిండి సహించలేదు, నిద్ర లేదు. అప్పట్నుంచీ పిన్ని ఫోన్ వస్తే ఎత్తాలంటే మనసొప్పదు, ఆవిడ ఏ తప్పూ చేయకపోయినా. ఇందాక నెట్‌లో చదివాను, జూడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1992లోనే కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారట. ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలుచుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో, బతుకులో కలవడం. ఒకప్పుడు పెద్ద ప్రమాదాలు జరిగితే బాధితులని వెంటనే కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించేవాళ్లట. దానివల్ల మేలు జరగడం లేదని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలా చేయవద్దంటోంది. ఇవాళ నేను అంతా కక్కేసి ఉంటే, ఆ మెట్రోలో నిలబడి, ఇంటికొచ్చి చిన్నదానికి అన్నం పెట్టగలిగేదాన్నా? పెట్టలేకపోయేదాన్ని.

అయినా ఒకటి మింగుడుపడటం లేదు. మొదటి రోజు ఇలాగే ఉంటుందని ముందే ఒక ముక్క చెప్పొచ్చు కదా? మెయిల్లో రాయొచ్చు కదా? వెళ్లాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే అందుకే చెబుతున్నాను: మొదటి కొన్ని వారాలు అసలు కథ జోలికే వెళ్లకపోవచ్చు. వచ్చాక ఒళ్లంతా అలసటగా ఉంటుంది, ఆ సాయంత్రం వేరే పనులు పెట్టుకోకండి. రోగం పేరేదీ చెప్పలేదని కంగారు పడకండి, నాకూ చెప్పలేదు. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను, అవి నేను రాయను అన్నారు. "అందరూ అలాగే చదివారుగా, మా ఆయన కూడా గుంటూరులో అలాంటి చోటే చదివారు, ఆయనకి ఏమీ లేదు, మరి నాదెలా ట్రామా, అంటే మనసుకి గాయం, అవుతుంది?" అని లేచేముందు అడిగాను. జరిగింది ఒకటే కావచ్చు, అప్పుడు పక్కన ఎవరున్నారన్నది అందరికీ ఒకటి కాదు కదండీ అన్నారు. మా ఆయనకి ఆ హాస్టల్లోనే వాళ్లన్నయ్య ఉన్నాడు, పక్క గదిలో.

తలుపు సంగతి అడగడం బాగుంది. కొంచెం తెరిచి ఉంచమన్నాను, ఉంచారు.

వచ్చే శనివారం నా చిరాకు ఆవిడ ముఖం మీదే చెబుతాను. నేను చేసిందేదైనా నచ్చకపోతే చెప్పండి, మానేయాలనిపించినా చెప్పి మానేయండి అని ఆవిడే అన్నారు. నాన్నకి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పను. ఆ సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ చేతికి మట్టిగాజులే ఉన్నాయి. బంగారువి ఏమయ్యాయని అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. రేపు అమ్మకి ఫోన్ చేసినప్పుడు ముందు అదే అడుగుతాను.