కర్కట రేఖ దాటిన రోజు

మా అమ్మ అమెరికా వచ్చిన ప్రతిసారీ ఇంట్లో నాకు ఒక ఉద్యోగం అదనంగా పడుతుంది. అమ్మ అన్నది పిల్లలకి ఇంగ్లీషులో చెప్పాలి, పిల్లలు అన్నది అమ్మకి తెలుగులో చెప్పాలి. బాబుకి పదమూడేళ్లు, పాపకి తొమ్మిది. అన్నం, నీళ్లు, రా, పడుకో వరకూ ఇద్దరికీ తెలుగు బాగానే అర్థమవుతుంది. అది దాటితే ఇద్దరూ నా మొహం చూస్తారు. అమ్మ కూడా నా మొహమే చూస్తుంది. ఇది ఆవిడ మూడోసారి రావడం, మూడుసార్లూ ఇంతే.

ఈసారి ఆరు నెలలు ఉండేలా వచ్చింది. మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ నుంచి ఏడు రోజుల క్రూజ్ బుక్ చేశాం. మా ఆయనకి సెలవు దొరకలేదు. అమ్మ, నేను, ఇద్దరు పిల్లలు, ఒకే గది. గోడలోంచి రెండు పై బెర్తులు కిందికి దిగడం చూసి అమ్మ "రైలు పెట్టెలా ఉందే" అని సంబరపడింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఓడ బయల్దేరింది. మొదట ఆగేది మెక్సికోలోని కొజుమెల్ దీవిలో. గాల్వెస్టన్ నుంచి సుమారు 700 నాటికల్ మైళ్లు, అంటే 1,300 కిలోమీటర్లు. ఓడ మామూలు వేగంతో పోతే మంగళవారం పొద్దుటికి గానీ చేరదు. అందుకే సోమవారమంతా సముద్రం మీదే. దాన్ని సీ డే అంటారు. దిగడానికి ఊరు ఉండదు, ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. వైఫైకి విడిగా డబ్బు కట్టాలి, మేం కట్టలేదు.

మార్చిలో ఈ గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒక్కోసారి గట్టిగానే ఊగుతుంది. తెల్లవారుజామున నాకు వాంతులు మొదలయ్యాయి. కింద కౌంటర్‌లో మెక్లిజిన్ మాత్రలిచ్చారు. గది చూసుకునే అబ్బాయి ఆకుపచ్చ ఆపిల్, బిస్కెట్లు తెచ్చిపెట్టాడు. ఆ మాత్ర వేసుకుంటే కడుపు కుదుటపడింది కానీ, కళ్లు తెరవలేనంత నిద్ర. కాబట్టి ఆ రోజు గురించి నేను చెప్పేది సగం మగతలో విన్నది, మిగతా సగం తర్వాత వాళ్ల ముగ్గురి దగ్గరా అడిగి తెలుసుకున్నది.

మొదట విన్నది అమ్మ గొంతు. "అమ్మలూ, పైకెళ్లి నిమ్మచెక్క, కాస్త ఉప్పు పట్టుకురామ్మా." నేను లేచి ఉంటే ఆ మాట పూర్తయ్యేలోపే "లెమన్, సాల్ట్" అనేసేదాన్ని. నోరు తెరిచే ఓపిక లేదు. పాప "నిమ్మ?" అంది. కాసేపు చప్పుడు లేదు. ఉన్నట్టుండి పాప పకపకా నవ్వింది. అమ్మ పుల్లటిది నాకినట్టు కళ్లు చికిలించి, బుగ్గలు లోపలికి లాక్కుని చూపించిందట. పావుగంటలో అన్నాచెల్లెళ్లిద్దరూ బఫేలో టీ పెట్టే చోటు నుంచి కప్పు నిండా నిమ్మచెక్కలు, గుప్పెడు ఉప్పు పొట్లాలు తెచ్చారు. చెక్క మీద ఉప్పు అద్ది నా నోటికి అందించింది పాపే. "నిమ్మచెక్క, అమ్మా" అంది. నా కూతురి నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

నన్ను పడుకోబెట్టి ముగ్గురూ పై డెక్‌కి వెళ్లారు. ఎనిమిదిన్నరకే కొలను చుట్టూ కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లు పరిచి ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. అమ్మ చూసి "మన ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు వేశారు" అందట. బాబుకి అది అర్థమైంది! రెండేళ్ల కిందట కాకినాడ కాంప్లెక్స్‌లో వాళ్ల తాతయ్య కిటికీలోంచి కర్చీఫ్ విసరడం వాడు చూశాడు. అదే చెల్లికి వివరించాడు. ఫోన్‌లో అనువాదం యాప్ ఉంది కానీ నెట్ లేదు. అమ్మ చేతులతో చెప్పింది, మళ్లీ చెప్పింది, నిదానంగా చెప్పింది.

మధ్యాహ్నం పన్నెండింటికి కెప్టెన్ మైకులో ఓడ ఎక్కడుందో, ఎంత వేగంగా పోతోందో, కింద ఎంత లోతుందో చెప్తాడు. లోతు 3,000 మీటర్లకు పైనే అనగానే బాబుకి ఒళ్లు పులకరించింది. ఆ అంకెలన్నీ పేపర్ నాప్కిన్ మీద రాసి అమ్మమ్మకి చూపించాడు. అంకెలకి అనువాదం అక్కర్లేదు. అమ్మ ముప్ఫై ఏళ్లు తాళ్లరేవు దగ్గర తెలుగు మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషి. నాప్కిన్ మీద 24 డిగ్రీల పైచిలుకు ఉత్తరం అని చూడగానే, "ఒరే, సాయంత్రానికి కర్కట రేఖ దాటేస్తాం" అందట.

వాడు తెల్లమొహం వేశాడు. అమ్మ బఫేలోంచి ఒక నారింజ తెచ్చి, కొంగుతో శుభ్రంగా తుడిచి, బాల్‌పెన్ తీసుకుంది. తొడిమ దగ్గర ఉత్తర ధ్రువం. నడుం చుట్టూ గీత, భూమధ్య రేఖ. దానికి పైన ఇంకో గీత, ఇరవై మూడున్నర డిగ్రీలు, కర్కట రేఖ. "ఓ, ట్రాపిక్ ఆఫ్ కేన్సర్!" అన్నాడు వాడు. తర్వాత చుక్కలు పెట్టించింది. మేం ఉండే ఫ్రిస్కో 33, గీతకి పైన. ఓడ, గీతని ఆనుకుని. పండు తిప్పి అవతలి వైపు తాళ్లరేవు, దాదాపు 17, గీతకి కింద. ఆ పండు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. గుంటల్లో సిరా పాకి గీతలు వంకరపోయాయి, తాళ్లరేవు చుక్క మాత్రం శనగగింజంత.

అక్కడి నుంచి మాట రంగానికి వెళ్లింది. అమ్మ వాళ్ల తాత బర్మాలో రంగూన్ బియ్యం మిల్లులో పనిచేశాడు. మా వైపు ఆ ఊరిని రంగం అనే అంటారు. కాకినాడలో స్టీమరు ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసుకుంటే పడవల్లో వెళ్లి ఎక్కాలి. డబ్బున్న వాళ్లకి గదులు, కూలీలకి డెక్కే ఇల్లు. వండుకోవడం, పడుకోవడం, వానొస్తే తడవడం అన్నీ అక్కడే. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నాక వేలాదిమందితో కలిసి కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చాడు.

ఈ కథ అమ్మ మా ఇంట్లో చెప్పకపోలేదు. చెప్పింది, రెండుసార్లు. ఆ రెండుసార్లూ నేను పిల్లలకి ఇంగ్లీషులో చెప్పింది ఒక్క ముక్కే: అమ్మమ్మ వాళ్ల తాత కూడా ఓడ ఎక్కాడట. పిల్లలకి బోరు కొడుతుందేమోనని నేనే కత్తిరించేశాను. అమ్మ అన్నమంతా కలిపి పెడితే నేను ఒక్క మెతుకు అందించాను. ఇది ఇప్పుడు రాస్తున్నా గొంతు పట్టేస్తోంది.

ఐదింటికి కాస్త తేరుకుని పైకి వెళ్లాను. గాలికి అమ్మ చీర చెంగు పాప మొహం మీద కొట్టుకుంటోంది. ముగ్గురూ రెయిలింగ్ పట్టుకుని నీళ్లకేసి చూస్తున్నారు. "అమ్మమ్మా, లైన్ ఏది?" అంటోంది పాప. "కనపడదమ్మా. మనసులో గీసుకోవాలి." పాప నా వైపు తిరగబోయింది. నేను సముద్రం చూస్తున్నట్టు నిలబడ్డాను. కాసేపు ఆగి, "మనసు అంటే ఇక్కడా?" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అమ్మ ఆ చెయ్యి తీసి నుదుటి మీద పెట్టింది, మళ్లీ తీసి గుండె మీద పెట్టింది.

రాత్రి అందరూ ముస్తాబై వెళ్లే డిన్నర్. అమ్మ ఉప్పాడ చీర కట్టుకుంది. ముందు రోజే చెప్పి ఉంచితే చపాతీ, పప్పు చేసి పెట్టారు. గదికి తిరిగొచ్చేసరికి మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగు. పాప దాని తొండం పక్కన నారింజ పెట్టింది.

దీపాలార్పేశాం. ఓడ ఇంకా మెల్లగా ఊగుతోంది. పై బెర్తు మీంచి బాబు, ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగాడు.

"అమ్మమ్మా... రంగం... గీతకి కిందా? పైనా?"

"కిందే నాన్నా. మన తాళ్లరేవుకి తిన్నగా తూర్పున."

"తూర్పు అంటే... ఈస్ట్?"

అమ్మ సమాధానం చెప్పలేదు. చీకట్లో చెయ్యెత్తి గోడ వైపు చూపిస్తోంది. వాడు బెర్తు మీంచి తల వేలాడేసి, ఆ చెయ్యి ఎటు చూపిస్తోందో చూస్తున్నాడు.