లేసులు తీసుకున్నారు

సిరోంచలో బస్సు దిగగానే అమ్మ నా కాళ్ల వైపే చూసింది. బూట్లకు లేసులు లేవు, నడుస్తుంటే టపటపమంటున్నాయి. "ఇదేం వేషం బిడ్డా?" అంది. గల్ఫ్‌లో డిపోర్టేషన్ జైల్లో 41 రోజులున్నానని ఆమెకు అప్పటికి చెప్పలేదు.

మాది ప్రాణహిత ఒడ్డు. కాగితాల్లో మహారాష్ట్ర, ఇంట్లో తెలుగు. పెళ్లి సంబంధాలూ అప్పులూ నది అవతలే. గల్ఫ్ దారి కూడా అటునుంచే దొరికింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, జీతం ఆపేస్తే బయటపడి ఖల్లివెల్లి అయ్యాను, అంటే కాగితాల్లేని కూలీనయ్యాను. అఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు, లేకుండా రెండేళ్లు టైల్స్ పని చేశాక ఒకరోజు చెకింగ్‌లో దొరికిపోయాను.

గేటు దగ్గర బెల్టు, లేసులు, షుగర్ గోళీలు తీసుకున్నారు. మొదటి రెండూ ఎందుకో అర్థమైంది. గోళీలు మాత్రం డాక్టర్ రాస్తేనే ఇస్తారట. ఆ డాక్టర్ ముందు కూర్చోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా కడుపునొప్పికి పనడాల్, అంటే మన పారాసిటమాల్, దురదకూ పనడాల్. రాత్రి ఆరేడుసార్లు ఒంటికి లేచేవాణ్ణి. ఎంత నీళ్లు తాగినా నాలుక అట్టలాగే ఉండేది. లైట్లు ఆర్పరు కాబట్టి ఏది రాత్రో కూడా ఒక అంచనానే.

దొంగతనం చేసినవాడికైనా విడుదల తేదీ ఉంటుంది. ఔట్‌పాస్ కోసం, అంటే ఇంటికెళ్లడానికిచ్చే తాత్కాలిక కాగితం కోసం, ఎదురుచూసేవాడికి అదీ ఉండదు. మెల్లగా ఆకలి చచ్చింది. నేను లేకపోతే ఇంటిమీద భారం తగ్గుతుందని లోపల ఒక లెక్క మొదలైంది. జబ్బులా అనిపించలేదు, నిజంగా లెక్కలాగే అనిపించింది.

పక్క చాపమీద జగిత్యాల అన్న. ఒకరోజు నేను రొట్టె పక్కన పెట్టేస్తుంటే చూసి, "తమ్మీ, సచ్చిపోవాలనిపిస్తుందా?" అన్నాడు. అంత సూటిగా ఎవరూ అడగలేదు. అవునని చెప్పడానికి ముందే ఏడుపొచ్చింది.

అన్న కాపలావాళ్లకు చెప్పాడు. వాళ్లు నన్ను కెమెరా ఉన్న గదిలో రెండు రోజులు ఒంటరిగా పెట్టారు. చూశారు, కాదనను. మాట్లాడలేదు. ఆ రెండు రోజులే అన్నిటికంటే చెడ్డవి. హాల్లోకి తిరిగొచ్చాక అన్న వంతులు వేశాడు. ఒక మలయాళీ, ఒక నేపాలీ, తను. రాత్రి ఎవరో ఒకరు నా పక్కన మేలుకొని ఉండేవారు. ఆ నేపాలీ పిల్లాడికి నా భాష రాదు, చేతిలో పేక ముక్కలు పెట్టేవాడు.

ఐక్యరాజ్యసమితి 2015లో ఖైదీల కోసం ఆమోదించిన మండేలా నియమాల్లో, లోపలికి తీసుకున్నవాణ్ణి త్వరగా వైద్యులు పరీక్షించాలని, ప్రాణం తీసుకునే ప్రమాదం ఉందేమో కూడా చూడాలని ఉంది. ఇంటికొచ్చాక చదివాను. నవ్వొచ్చింది.

మా జిల్లా కేంద్రం గడ్చిరోలి మాకు రెండొందల కిలోమీటర్ల పైనే, అందుకే బావ బండిమీద వంతెన దాటించి మంచిర్యాల తీసుకెళ్లాడు. షుగర్, డిప్రెషన్ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయన్నాడు డాక్టర్. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టదని కూడా చెప్పాడు. మందు పట్టడానికి మూడు వారాలు పట్టింది. రెండు నెలలకే బాగుందని మానేశాను, అది నా తెలివి. పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికొచ్చింది. ఒక రాత్రి 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేశాను. ఫ్రీ, అవతలివాళ్లు తెలుగులోనే మాట్లాడారు. మర్నాడు మందులు మళ్లీ మొదలుపెట్టాను. మిర్చి తోటలో పనికి వెళ్తున్నాను. రాత్రి లైటు ఆర్పగలుగుతున్నాను.

అన్న నా తర్వాత నెలకు ఇల్లు చేరాడు. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాడు, గల్ఫ్ సెలవు అలవాటు పోలేదు.

"నిద్ర పడుతుందా తమ్మీ?"

"పడుతుందన్నా."

"ఎన్ని గంటలు?"